సిమెంటు బస్తాకి ఏ ఇజమైతే ఏంటండీ
(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: సార్, సంక్రాంతికి ఊరెళ్తే మా ఇంట్లో పెద్ద గొడవ. మా పెదనాన్న పాత కామ్రేడ్, ఇప్పటికీ ఎర్ర కండువా ఇస్త్రీ చేయించి పెట్టుకుంటడు. మా బావ డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్. లాభం అనేది ఉన్నన్నాళ్లూ లంచం ఉంటదని పెదనాన్న, గవర్నమెంట్ చేతిలో ఉన్నదాన్నంతా ప్రైవేటుకిచ్చేస్తే లంచం అడిగేవాడే ఉండడని బావ. గారెలు చల్లారిపోయినయ్ గానీ గొడవ చల్లారలేదు. అసలు అవినీతి లేకుండా కమ్యూనిజం గానీ క్యాపిటలిజం గానీ పదికాలాలు నడుస్తదా? – ఖమ్మం నుంచి ఒక ఎం.ఏ. స్టూడెంట్

జవాబు: ముందు మా ఇంటి కథ చెప్తాను, ఇజాల సంగతి తర్వాత. 1979లో మా నాన్న ఇల్లు మొదలెట్టారు. గోడలు లేచాయి, స్లాబు దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే అప్పట్లో డబ్బు పట్టుకుని షాపుకెళ్తే సిమెంటు ఇచ్చేవాళ్లు కాదు, ఆఫీసులో పర్మిట్టు రాయించుకోవాలి. నేను ఏడో క్లాసు, నాన్న వెనకాల సైకిలెక్కి వెళ్లేవాణ్ణి. అక్కడి గుమాస్తా నోరు తెరిచి ఒక్క పైసా అడిగి ఎరగడు. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల సొరుగు ఓ జానెడు బయటికి లాగి అలా వదిలేసేవాడు, అంతే. నాన్న మూడుసార్లు అర్థం కానట్టు వెనక్కొచ్చేశారు, నాలుగోసారికి అర్థమైంది. బస్తాలొచ్చాయి, వాటిలో సగం గడ్డకట్టినవే, మా అమ్మ ఆ గడ్డల్ని రోకలిబండతో కొట్టి జల్లించుకుంటూ కూర్చోవడం నాకింకా కళ్లకి కట్టినట్టుంది.

మా ఊరి గుమాస్తాది సొరుగు, పెద్దవాళ్లది ట్రస్టు. అదే సిమెంటు కోటాల దగ్గర బిల్డర్ల నుంచి ట్రస్టులకి డొనేషన్లు తీసుకున్నారన్న గొడవలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే, హైకోర్టు తప్పుపట్టాక 1982 జనవరిలో రాజీనామా చేశారు. ఆ సంవత్సరమే సిమెంటు మీద కంట్రోలు సగం ఎత్తేశారు, 1989కల్లా పూర్తిగా పోయింది. దాంతో సొరుగు మూతపడింది. ఆ గుమాస్తాకి ఎవరూ నీతులు చెప్పలా, భగవద్గీత చదివించలా, సిమెంటు కిరాణా కొట్టు పక్కన దొరకడం మొదలైంది అంతే!

ఇక్కడి దాకా చదివి మీ బావ కాలర్ ఎగరేస్తుంటాడు, ఆగమనండి. 2012లో కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంటు కంపెనీల మీద దాదాపు 6,300 కోట్లు ఫైన్ వేసింది, అందరూ కూడబలుక్కుని సరుకు తగ్గించి రేటు పెంచారని. కంపెనీలు ఒప్పుకోలేదు, అప్పీళ్లకెళ్లాయి, అది వేరే భాగవతం. కమిషన్ చెప్పిందే నిజమైతే గనక ఆ రోజుల్లో గుమాస్తా జానెడు సొరుగులో పడిన డబ్బు ఇప్పుడు బస్తాకింత చొప్పున బిల్లుతో సహా మన దగ్గరే వసూలైనట్టు, లంచం అని పేరు కూడా ఉండదు దానికి.

నాకు అర్థమైంది చెప్తా. పదిమందికీ అత్యవసరమైన వస్తువు ఒకడి చేతిలో ఉండి, ఎవరికివ్వాలో వాడి ఇష్టమై, వాడి లెక్క బయటివాడెవడూ చూడకపోతే అక్కడ అవినీతి పుడుతుంది. ఆ ఒకడు పార్టీ సెక్రటరీ కావచ్చు, కంపెనీ ఎండీ కావచ్చు. ఈ రెండు ఇజాలూ పుట్టకముందే, కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఖజానా సొమ్ము తినే పద్ధతులు నలభై లెక్కపెట్టాడు, ఆయనకి మార్క్స్ తెలీదు, ఆడమ్ స్మిత్తూ తెలీదు.

ఇప్పుడు మీ పెదనాన్న గారి రష్యాకి వద్దాం, ఎందుకంటే అక్కడ జరిగింది మామూలు లంచం కాదు. ఫ్యాక్టరీలో ఎన్ని బోల్టులు చెయ్యాలో మాస్కోలో రాస్తారు, ఆ బోల్టులకి కావాల్సిన ఇనుము ఎంతొస్తుందో కూడా వాళ్లే రాస్తారు, ఇనుమేమో టైముకి రాదు, టార్గెట్ తప్పితే మాత్రం డైరెక్టర్ కుర్చీ పోతుంది. వాడేం చేస్తాడు? ఒక మనిషిని పెట్టుకునేవాడు, రష్యన్‌లో తోల్కాచ్ అంటారు, మన భాషలో నిఖార్సైన పైరవీకారు. వాడి ఉద్యోగమే బ్రీఫ్‌కేసులో మందు సీసాలూ సాసేజీలూ పెట్టుకుని ఊళ్లు తిరిగి ఇనుము సంపాదించుకు రావడం. మామూలు జనానికేమో బ్లాత్, అంటే తెలిసినవాళ్ల ద్వారా పని, మంచి బూట్లకైనా డాక్టరుకైనా. ఆలోచించండి, ఇక్కడ డైరెక్టర్ దొంగ కాదు, జేబులో రూబుల్ కూడా వేసుకోలేదేమో. ప్లాన్ నడవాలంటే ప్లాన్‌కి బయట నడవాల్సిందే. అలాంటి చోట లంచం ఆపేస్తే ఫ్యాక్టరీ ఆగిపోతుంది.

టార్గెట్ల మీద బతికే సిస్టమ్ ఎంత దూరం పోతుందో చూడాలంటే రియాజాన్ కథ వినాలి. మాంసం, పాల ఉత్పత్తిలో అమెరికాని దాటేస్తాం అని అప్పటి సోవియట్ అధినేత క్రుశ్చేవ్ 1957లో ప్రకటించాడు. రియాజాన్ ప్రాంతానికి పార్టీ ఫస్ట్ సెక్రటరీ లారియోనోవ్ అని ఒకాయన, ఒక్క ఏడాదిలో మా మాంసం మూడింతలు చేస్తాం అని మాటిచ్చేశాడు. 1959లో చేసేశాడు కూడా, లక్షా యాభై వేల టన్నులు! ఎలా అంటే పాలిచ్చే ఆవుల్ని కోశారు, దూడలకి ఉంచాల్సిన వాటినీ కోశారు, జనం పెరట్లో కట్టేసుకున్న పశువుల్ని తర్వాత ఇస్తాం అని తోలుకుపోయారు, అవీ చాలక పక్క జిల్లాలకెళ్లి కొనుక్కొచ్చారు, ట్రాక్టర్లకని వచ్చిన డబ్బుతో. డిసెంబర్లో ఆయనకి సోషలిస్ట్ లేబర్ హీరో బిరుదిచ్చారు. మరుసటి ఏడాది లక్షా ఎనభై వేల టన్నులని మాటిచ్చి ముప్పై వేలు తేగలిగారు, కోయడానికి ఏముందని? 1960 సెప్టెంబర్లో ఆయన చనిపోయాడు, తుపాకీతో కాల్చుకున్నాడనే అంటారు. నాకైతే ఈయన మీద కోపం కన్నా జాలే ఎక్కువ. పశువుల లెక్క పైకి పంపేవాడూ పార్టీయే, సరిచూసేవాడూ పార్టీయే, పేపర్లో మెచ్చుకునేవాడూ పార్టీయే. ఆ దూడలేవని అడగడానికి ఒక్క మనిషి లేడు.

మరి క్యాపిటలిజంలో అడిగేవాళ్లు బోలెడుమంది, ఆడిటరు, బోర్డు, సెబీ, టీవీ చానెళ్లు. అయినా మన హైదరాబాద్‌లోనే 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారు తనే ఒప్పుకుంటూ ఉత్తరం రాసేదాకా మోసం బయటపడలేదు. బ్యాంకుల్లో ఉన్నాయని పుస్తకాల్లో రాసుకున్న డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. నేను షేర్లు కొనలేదు కాబట్టి బతికిపోయా, మా కొలీగ్ ఒకాయన కూతురి పెళ్లికని దాచిన డబ్బంతా అందులోనే పెట్టాడు, ఆ వారం ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడలేదు. అంతకు ముందు సెప్టెంబర్లోనే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్ బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డొచ్చింది, తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. లెక్క చూడాల్సిన ఆడిటరుకి ఫీజు ఇచ్చేది లెక్క చూపించే కంపెనీయే, అమెరికాలో ఎన్రాన్ కంపెనీ మునిగినప్పుడూ ఇదే తంతు. ఇంకో చిత్రం వినండి, అంత పద్ధతైన దేశమని పేరున్న జర్మనీలో 1999 దాకా విదేశాల్లో ఇచ్చిన లంచాన్ని ఖర్చు కింద చూపించి ఇన్‌కంట్యాక్స్ తగ్గించుకోవచ్చు, చట్టబద్ధంగానే. ఆ అలవాటు మానని సీమెన్స్ కంపెనీ 2008లో అమెరికాకీ జర్మనీకీ కలిపి 160 కోట్ల డాలర్లు కట్టింది.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: అవినీతి అస్సలు లేకుండా రెండూ నడవవు, కానీ రెండిటి జబ్బూ ఒకటి కాదు. కమ్యూనిజం ఇప్పటిదాకా నడిచిన పద్ధతిలో లంచం లేకపోతే బండే కదలదు, ఎందుకంటే కొరతా వాళ్లదే, పుస్తకమూ వాళ్లదే. క్యాపిటలిజం లంచం లేకపోయినా నడుస్తుంది, ఇంకా బాగా నడుస్తుంది, కాకపోతే డబ్బు చేరేకొద్దీ లెక్క చూసేవాణ్ణే కొనేద్దామని చూస్తూ ఉంటుంది. నన్ను ఎంచుకోమంటే రెండోదే ఎంచుకుంటా, అక్కడ కనీసం కొనాల్సినవాళ్లు ఎక్కువమంది, ఎవడో ఒకడు అమ్ముడుపోకుండా మిగులుతాడు. ఇజం మార్చినంత మాత్రాన ఒరిగేదేం లేదని రష్యానే చూపించింది. కమ్యూనిజం పోయాక 1995లో నోరిల్స్క్ నికెల్ అనే ప్రభుత్వ గనుల కంపెనీలో 38 శాతం వాటా 17 కోట్ల డాలర్లకే పోయింది, వేలం నడిపిన బ్యాంకూ, దక్కించుకున్నవాళ్లూ ఒకే గుంపు. మీ పెదనాన్న గారికీ బావకీ ఈ కథ చెప్పి చూడండి, ఇద్దరూ కలిసి మీ మీదకే వస్తారు.

ప్రశ్న: చైనాలో లంచం తింటే ఉరే. మన దగ్గర కూడా నాలుగు తలకాయలు లేపేస్తే దెబ్బకి దారికొస్తారు కదండీ? – కర్నూలు నుంచి ఒక వ్యాపారి

జవాబు: కోపం అర్థమైంది. చైనాలో లాయ్ షియావోమిన్ అని గవర్నమెంట్ ఫైనాన్స్ కంపెనీ పెద్దకి 178 కోట్ల యువాన్‌లకి పైగా లంచాల కేసులో 2021 జనవరిలో మరణశిక్ష అమలు చేశారు. డబ్బు దాచిన ఫ్లాటుని వాళ్ల టీవీలోనే చూపించారు, అల్మారా నిండా నోట్ల కట్టలు, దానికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు సూపర్ మార్కెట్ అట. సరే, 2012 నుంచీ అంత పెద్ద ఏరివేత నడుస్తోంది కదా, 2024 జూన్‌లో చూస్తే ఇద్దరు మాజీ రక్షణ మంత్రుల్ని లంచాల కేసులోనే పార్టీ నుంచి వెళ్లగొట్టారు. పన్నెండేళ్లు తలకాయలు తీశాక కూడా! ఇంకో సంగతి, అధికారుల ఆస్తులు బయటపెట్టండి అని రోడ్డెక్కిన లాయర్ షూ జియోంగ్‌కి 2014లో నాలుగేళ్ల జైలు. లంచం తిన్నవాడికి శిక్షా పడుతోంది, లెక్క అడిగినవాడికీ పడుతోంది. కర్నూల్లో మీ షాపు ముందు బోర్డులో ఈ రెండోదానికీ ఓటేస్తానని రాసి పెట్టుకోగలరా చెప్పండి.

ప్రశ్న: మేం సింగపూర్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాం, ఇక్కడ ఒక్క డాలర్ కూడా చేయి తడపలేదు. మనవాళ్ల రక్తంలోనే ఏదో ఉందేమో అనిపిస్తుంది. – సింగపూర్ నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఆ రక్తం మీ ఒంట్లోనూ ఉంది కదా, అక్కడ పదకొండేళ్లు లంచం ఇవ్వకుండా ఎలా బతికారు మరి? ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ వాళ్ల 2024 లిస్టులో సింగపూర్‌కి నూటికి 84, మనకి 38, చైనాకి 43. అది నిపుణులూ వ్యాపారస్తుల అభిప్రాయాల మీద వేసిన మార్కులే, మరీ పట్టించుకోకండి, తేడా మాత్రం కనబడుతోంది.

హాంకాంగ్ చూడండి. 1970లకి ముందు అక్కడ ఇల్లు తగలబడుతుంటే ఫైరింజను వచ్చి నిలబడేది, డబ్బు చేతిలో పడితేనే పైపులో నీళ్లు. వాళ్ల వాడుక భాషలో డబ్బుని కూడా నీళ్లనే అంటారు, దాని మీద సామెతలే పుట్టాయి. ఆస్పత్రిలో ఆయాకి టీ డబ్బులు ఇవ్వకపోతే మంచం కిందకి బెడ్‌ప్యాన్ రాదు. అది పచ్చి క్యాపిటలిజం, పైగా బ్రిటిష్‌వాళ్ల పాలనలో ఉన్న వలస. పీటర్ గాడ్‌బర్ అనే పోలీసు పెద్దాఫీసరు దగ్గర జీతానికి సంబంధం లేని 43 లక్షల హాంకాంగ్ డాలర్లు తేలాయి, 1973లో ఇంగ్లండ్ పారిపోయాడు, జనం రోడ్డెక్కారు. 1974లో పోలీసుల్తో సంబంధం లేకుండా నేరుగా గవర్నర్‌కే జవాబు చెప్పేలా ఐకాక్ అనే సంస్థ పెట్టారు, గాడ్‌బర్‌ని పట్టుకొచ్చి నాలుగేళ్లు లోపలేశారు. 1977లో పోలీసులే తిరగబడి ఐకాక్ ఆఫీసు మీద పడితే, గవర్నర్ పాత తప్పుల్లో చాలావాటికి క్షమాభిక్ష ప్రకటించాల్సొచ్చింది. నాకు ఇది నచ్చే విషయం కాదు, దొంగల్ని వదిలేసినట్టే కదా, కానీ అలా చెయ్యకపోతే ఐకాకే ఎగిరిపోయేదేమో. మీ సింగపూర్‌లోనూ 2024లో మాజీ మంత్రి ఈశ్వరన్‌కి పన్నెండు నెలల జైలు పడింది, కాబట్టి అక్కడ తినే మనుషులు లేరని కాదు.

ప్రశ్న: సుందరయ్య గారి లాంటివాళ్లు వందమంది ఉంటే ఏ సిస్టమైనా బాగుపడదా? – విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: మాస్టారూ, ఆస్తి పార్టీకి రాసిచ్చి పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లిన మనిషి ఆయన, దణ్ణం పెట్టాల్సిందే. కానీ వందమంది ఎక్కణ్ణుంచొస్తారు? లారియోనోవ్ కూడా అందరికీ హీరోనే కదా ఏడాది పాటు.

అందుకే నాకు మహానుభావుల కన్నా గట్టిగా చదివే కుర్రాళ్ల మీద నమ్మకం ఎక్కువ. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది, ఆ పనులకి ఉమ్మడి రాష్ట్రంలో సోషల్ ఆడిట్ కూడా పెట్టారు. రాయలసీమలో ఒక ఊళ్లో వేపచెట్టు కింద ఆ సభలో నేను కూర్చున్నా. ఇంటర్ చదివిన పిల్ల ఒకతి మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, తీసుకుని పేరూ, పనిచేసిన రోజులూ, ఇచ్చిన కూలీ బిగ్గరగా చదువుతోంది, జనం ఊ కొడుతున్నారు. ఒక పేరు దగ్గర వెనక నుంచి ముసలమ్మ లేచి, "ఆయప్ప పోయి మూడేండ్లాయ గదమ్మా, గుంత నుంచి లేచొచ్చి గుంత తవ్వినాడా" అంది. అందరూ గొల్లున నవ్వారు, కుర్చీలో కూర్చున్న ఫీల్డ్ అసిస్టెంట్ మాత్రం నవ్వలేదు. ఆ డబ్బు తిరిగొచ్చిందా అని అడక్కండి, ఇలాంటివాటిలో రికవరీ చాలా తక్కువే. ఆ పిల్ల మాత్రం మంచినీళ్లు తాగి తర్వాతి పేరు చదివింది.