సమాధానం: సినిమాలో భావజాలం దర్శకుడిదా, డబ్బు పెట్టినవాడిదా?

తమ్ముడూ, ఆంధ్రా యూనివర్సిటీలో నీ ప్రాజెక్టుకి ఈ ప్రశ్న తేలక టెన్షన్ పడుతున్నానన్నావు. ముందు 1939 నాటి 'రైతుబిడ్డ' తీసుకో. జమీందారీని ఎండగట్టిన సినిమా, గూడవల్లి రామబ్రహ్మం గారు తీశారు. పెట్టుబడి మాత్రం చల్లపల్లి జమీందారుది! కాబట్టి డబ్బు ఎవరిదో చూసి తేల్చేయకు. చివర్లో సమస్య ఎవరి చేతుల్లో తీరిందో చూడు. జనం కలిసి తీర్చుకున్నారా, హీరో ఒక్కడే తీర్చేశాడా? ఎర్రజెండా ఎంత ఎగరేసినా, అంతా ఒక్కడే గెలిపిస్తే నాకది వ్యక్తిపూజగానే కనిపిస్తుంది. మొన్న జగదాంబ థియేటర్లో ఓ సినిమాకెళ్తే, హీరో చెయ్యెత్తగానే ఒకటే ఈలలు. రైతులు మాట్లాడే సీన్ రాగానే మా వరసలో సగం మంది పాప్‌కార్న్‌కి లేచిపోయారు, చాలా బాధేసింది. అలాంటి సీన్లు ఎన్ని నిమిషాలున్నాయో వాచీ చూసి రాసుకో. నీ మొదటి అధ్యాయం అక్కడే దొరుకుతుంది.