రైల్వే గేటు మీద వంతెన: ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మా ఊరికీ పొలాలకూ మధ్య గుంతకల్లు–ధర్మవరం మార్గంలో రైల్వే గేటు ఉంది. గేటు పడితే చీనీకాయల లారీలు, బడి బస్సులు, అంబులెన్సులు అన్నీ ఆగిపోవలసిందే. పైవంతెన అడిగితే రైల్వేవారు రాష్ట్రాన్ని, రాష్ట్ర అధికారులు రైల్వేను చూపిస్తున్నారు. ఆ ఖర్చు ఎవరు భరించాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: గేటు దాటేది ఏ రోడ్డో ముందు తేల్చుకోండి. జాతీయ రహదారి అయితే ఖర్చు ప్రధానంగా కేంద్ర రహదారుల శాఖది. 2016 మార్చిలో 208 వంతెనల కోసం 20,800 కోట్ల రూపాయల అంచనాతో ప్రారంభించిన సేతు భారతం పథకం అటువంటి గేట్ల కోసమే. రాష్ట్ర, జిల్లా రోడ్లయితే రైల్వే, రాష్ట్రం చెరిసగం భరించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. రైల్వే వాటాకు పెట్రోలు, డీజిలుపై వసూలుచేసే సెస్సు నుంచి కొంత భాగాన్ని 2000 నాటి కేంద్ర రహదారి నిధి చట్టమే కేటాయించింది కనుక, మీ ట్రాక్టరుకు పోయించే డీజిలు నుంచి కూడా ఈ వంతెనలకు సొమ్ము చేరుతోంది. అడిగే హక్కు మీకు నిండుగా ఉంది.

చెరిసగం పద్ధతికి కొలబద్ద టీవీయూ, అంటే ట్రెయిన్ వెహికిల్ యూనిట్. రోజులో గేటు దాటే రైళ్ల సంఖ్యను వాహన యూనిట్లతో (గేటు దాటే వాహనాలను వాటి రకాన్నిబట్టి లెక్కగట్టే యూనిట్లు) హెచ్చిస్తే లక్ష రావాలి. అంటే 50 రైళ్లు నడిచేచోట 2,000 యూనిట్ల వాహనాలు కావాలి. గేటు ముందు జనం ఎంతసేపు నిలిచిపోయారన్నది ఈ లెక్కలోకి రాదు, అది న్యాయం కాదని నా అభిప్రాయం. ప్రమాదమూ ఈ హెచ్చవేతలో కనిపించదు. 2015 ఆగస్టులో పెనుకొండ దగ్గర గ్రానైట్ లారీ గేటును ఛేదించుకుని బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నప్పుడు కర్ణాటక శాసనసభ్యుడొకరితో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. కాపలా ఉన్న గేటు కూడా పూర్తి రక్షణ కాదు.

నిధులు మంజూరైన తరువాత కూడా పనులు ఆగేది ఎక్కువగా భూసేకరణ దగ్గరే. సాధారణంగా పట్టాల మీది భాగం రైల్వే కడుతుంది, ఇరువైపుల అప్రోచ్ రోడ్లూ వాటికి కావలసిన భూమీ రాష్ట్రం బాధ్యత. అందుకే నడుమ వంతెన నిలిచి, ఎక్కే దారి లేక ఏళ్లు గడుస్తాయి. తక్కువ ఎత్తు అండర్‌పాస్‌ను రైల్వే తన ఖర్చుతోనే కట్టే సందర్భాలున్నాయి గానీ, నీరు పోయే దారి నక్షాలోనే లేకపోతే వానాకాలంలో అది చెరువవుతుంది.

సమాచార హక్కు చట్టం కింద గుంతకల్లు డివిజన్ కార్యాలయం నుంచి మీ గేటు తాజా టీవీయూ లెక్కనూ, రోడ్లు భవనాల శాఖ నుంచి రాష్ట్ర వాటా, భూసేకరణ ప్రతిపాదనల స్థితినీ ఒకేసారి అడగండి. వంతెన తెరవగానే గేటు శాశ్వతంగా మూసేస్తారు కనుక, పాదచారులకూ పశువులకూ కింద దారి కావాలని నక్షా ఆమోదానికి ముందే గ్రామసభ తీర్మానంతో కలెక్టరుకు రాయండి.