ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రైమరీ నుంచి హైస్కూలుకు మారాలంటే ప్లానింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

కనీసం ఏడాది ముందే. ప్రైమరీలో ఒకే గది, ఒకే టీచరు అలవాటైన ఆటిజం పిల్లాడికి పీరియడ్‌కో టీచరు, చెవులు హోరెత్తే బెల్లు అన్నీ ఒక్కరోజే మీద పడితే తట్టుకోలేడు. అందుకే సెలవుల్లో, బడి ఖాళీగా ఉన్నప్పుడు రెండు మూడుసార్లు తీసుకెళ్ళి గేటు, క్లాసు, బాత్రూమ్ ఫోటోలు తీసి ఇంట్లో చూపిస్తూ ఉండండి (బాత్రూమ్ మర్చిపోవద్దు, చాలా గొడవలు అక్కడే మొదలవుతాయి). పాత టీచరుతో ఒక్క పేజీ రాయించుకోండి: దేనికి బెదురుతాడు, ఎలా శాంతిస్తాడు, మాటలు రానప్పుడు ఎలా అడుగుతాడు. మందపాటి ఫైలు ఇస్తే ఎవరూ చదవరు. హైస్కూలు తర్వాతి ప్లాన్ వేరే, అందులో ఉద్యోగం, ఒంటరి ప్రయాణం, డబ్బు లెక్కలు కూడా రావాలి; అమెరికాలో చట్టమే 16 ఏళ్లకల్లా అది ఉండాలంటుంది. ఆ ప్లాన్ వేసే మీటింగులో పిల్లాణ్ణీ కూర్చోబెట్టండి.