మంచు కరిగిన తర్వాత పెద్ద సరస్సుల్లో, నదుల్లో చేపలు ఎక్కడికి చేరతాయి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మంచు కరిగిన కొత్తలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున మీకు వరసగా చేపలు పడ్డాయి. వారం తిరిగేసరికి, మధ్యలో రెండు రోజులు ఒడ్డు నుంచి సరస్సు లోపలివైపు గట్టి గాలి వీచిన తర్వాత, అదే చోట, అదే వేళకు, అదే ఎరతో కూర్చుంటే గాలం కదలనే లేదు. సరస్సులో కలిసే నది బురదగా, ఉరవడిగా పారుతోంది కాబట్టి అక్కడికి వెళ్లడం వృథాయేనా అని కూడా అడిగారు. చలి ప్రాంతాల సరస్సుల్లో, నదుల్లో చాలా వసంతాలుగా గాలం వేస్తున్న అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. వసంతకాలంలో చేపల జాడ తెలియాలంటే క్యాలెండరు కన్నా, పోయినసారి చేప పడిన చోటు కన్నా, ఆ రోజు ఆ చోట నీరు ఎంత వేడిగా ఉందన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. మీ రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.

చేప ఒంటి వేడి దాని చుట్టూ ఉన్న నీటిని బట్టే ఉంటుంది. నీరు పది డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే దాని శరీరంలో జరిగే పనుల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. అందువల్ల 4, 5 డిగ్రీల నీటిలో ఉన్న చేపకు ఆకలి తక్కువగా ఉంటుంది, తిన్నది నెమ్మదిగా అరుగుతుంది, ఎర వెంట దూరం పరుగెత్తే ఓపికా ఉండదు. సరస్సంతా చల్లగా ఉన్న ఆ రోజుల్లో ఏదో ఒక మూల నీరు రెండు మూడు డిగ్రీలు వేడిగా ఉంటే, అక్కడ ముందు నీటి పురుగులు కదులుతాయి, వాటికోసం చిన్న చేపలు చేరతాయి, చిన్న చేపల కోసం పెద్దవి వస్తాయి. అందుకే నేను ఎరల పెట్టె కన్నా ముందు సంచిలో పెట్టుకునేది దారానికి కట్టి దింపగలిగే చిన్న థర్మామీటర్. పైనీటి వేడి ఒక్కటే చూస్తే సరిపోదు. ఎండ తగిలిన మధ్యాహ్నం పైన చేతిమందం నీరు వెచ్చబడి, దాని కింద అంతా చల్లగానే ఉండవచ్చు. కనీసం రెండు మీటర్ల లోతుకు దింపి, రెండు నిమిషాలు ఉంచి చూడాలి.

పెద్ద సరస్సుల సంగతి చిన్న చెరువుల కన్నా వేరుగా ఎందుకు ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగినదానికి అసలు కారణం ఇందులోనే ఉంది. మంచినీరు సుమారు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడినా, వేడెక్కినా తేలికవుతుంది. శీతాకాలంలో మంచు పలక కింద పైనున్న నీరు సున్నాకు దగ్గరగా ఉంటుంది, అడుగుకు పోయేకొద్దీ 4 డిగ్రీలకు చేరువవుతుంది. మంచు కరిగాక పైనీరు ఎండకు వేడెక్కి 4 డిగ్రీలకు చేరేసరికి అడుగు నీటితో సమానమైన బరువు వస్తుంది, అప్పుడు గాలి సాయంతో పైది కిందికి, కిందిది పైకి కలిసిపోతుంది. చిన్న చెరువులో ఈ కలయిక కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. చాలా లోతైన పెద్ద సరస్సులో మాత్రం ఒడ్డు పక్కన లోతు తక్కువ కాబట్టి అక్కడి నీరు ముందుగా 4 డిగ్రీలు దాటిపోతుంది, లోపలి నీరు ఇంకా ఆ మెట్టు కిందే ఉండిపోతుంది. ఈ రెండూ కలిసే చోట తయారయ్యే నీరు 4 డిగ్రీల దగ్గర ఉండి, రెండింటి కన్నా బరువై కిందికి దిగిపోతూ, పొలం గట్టు నీటిని ఆపినట్టు వెచ్చటి నీటిని ఒడ్డు వైపే ఆపేస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన శాస్త్రవేత్త ఫ్రాన్స్వా ఆల్ఫోన్స్ ఫొరెల్ (1841–1912) జెనీవా సరస్సును ఏళ్ల తరబడి పరిశీలించి ఈ సంగతిని మొదట వర్ణించారు. ఆంగ్లంలో దీన్ని థర్మల్ బార్ అంటారు. ఉత్తర అమెరికాలోని ఒంటారియో, మిచిగన్ సరస్సుల్లోనూ, రష్యాలోని లడోగా సరస్సులోనూ దీన్ని బాగా అధ్యయనం చేశారు.

ఈ హద్దు ఒడ్డు పక్కనే పుట్టి, వారాలు గడిచేకొద్దీ లోపలికి జరుగుతూ పోయి, సరస్సంతా 4 డిగ్రీలు దాటాక మాయమవుతుంది. అది ఒడ్డుకు దగ్గరగా ఉన్నన్నాళ్లూ వెచ్చటి నీరు, నదులు తెచ్చే పోషకాలు, చిన్న చేపలు అన్నీ ఆ సన్నని పట్టీలోనే ఉంటాయి కాబట్టి ట్రౌట్, సాల్మన్ లాంటి చేపలు కూడా ఒడ్డున నిలబడి గాలం విసిరితే అందేంత దగ్గరికి వస్తాయి. వేసవిలో వాటికోసం పడవ వేసుకుని చాలా లోతుకు పోవలసి వస్తుంది. రెండు వైపుల నీళ్లూ ఈ హద్దు గీత దగ్గర ఒకదానికొకటి ఎదురవుతాయి కాబట్టి నురుగు, పుల్లలు, చెత్త ఒక వరసలో తేలుతుంటాయి, గీతకు అటూ ఇటూ నీటి రంగు కూడా మారుతుంది. పడవలో వెళ్లేవారు ఈ గీత కనబడితే దాన్ని దాటి లోపలికి పోకుండా ఒడ్డు వైపే గాలం వేయడం మంచిది.

ఏ రెండు సరస్సులకూ వసంతం ఒకే తేదీన రాదు. ఉత్తర అమెరికాలోని ఈరీ సరస్సు సగటు లోతు సుమారు 19 మీటర్లు, దాని పడమటి భాగమైతే ఏడు మీటర్లకు కొంచెం ఎక్కువ. అక్కడే ఉన్న సుపీరియర్ సరస్సు సగటు లోతు 147 మీటర్లు, అత్యధిక లోతు 406 మీటర్లు. ఈరీ పడమటి ఒడ్డున చేపలు గుడ్లు పెట్టి ముగించే సమయానికి సుపీరియర్ నీరు ఇంకా చేయి పెడితే కొరికేంత చల్లగా ఉంటుంది. వేరే సరస్సు నుంచి వచ్చిన కబురును పట్టుకుని మీ సరస్సుకు బయలుదేరవద్దని నేను అందరికీ చెబుతుంటాను.

ఇక గాలి. పైన వేడెక్కిన నీరు తేలికైనది కాబట్టి గాలి దాన్ని ఎటు తోస్తే అటు పోతుంది. సరస్సు మీదుగా మీ ఒడ్డు వైపు మెల్లగా గాలి వీస్తే వెచ్చటి పైనీరు మీ దగ్గరే పోగవుతుంది. గాలి ఒడ్డు నుంచి లోపలికి గట్టిగా వీస్తే ఆ వెచ్చటి పొరను లాక్కుపోతుంది, దాని స్థానంలోకి కింది చల్లటి నీరు పైకి వస్తుంది. ఒక్క రాత్రిలో ఒడ్డు నీరు కొన్ని డిగ్రీలు పడిపోవడం నేను చాలాసార్లు కొలిచి చూశాను. మీరు రాసిన రెండు రోజుల గాలి సరిగ్గా ఇదే పని చేసి ఉంటుంది. చేపలు సరస్సు వదిలి ఎక్కడికీ పోలేదు. వెచ్చటి నీటితో పాటు అవి కొంత లోపలికో, గాలి తగలని పక్క మలుపులోకో జరిగి ఉంటాయి. గాలి తగ్గి, రెండు మూడు రోజులు ఎండ కాసి నీరు నిలకడపడితే మీ పాత చోటు మళ్లీ పని చేస్తుంది. అప్పటిదాకా ఎదుటి ఒడ్డును, గాలికి చాటుగా ఉన్న మూలలను చూడండి.

సరస్సులో ముందుగా వేడెక్కే చోట్లు ఇంచుమించు అన్ని చోట్లా ఒకలాగే ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న లోతు తక్కువ మూలల మీద దక్షిణం నుంచి వచ్చే ఎండ ఎక్కువసేపు పడుతుంది, చల్లటి ఉత్తరపు గాలి తగలదు, కాబట్టి అవే ముందుగా వెచ్చబడతాయి. అడుగున నల్లటి ఒండ్రు ఉంటే ఇసుక కన్నా త్వరగా వేడిని పట్టుకుంటుంది. ఎండిన తుంగ, రెల్లు మొదళ్లు చిన్న చేపలకు చాటునిస్తాయి. వీటన్నిటికన్నా నేను ఎక్కువగా వెతికేది పక్కనే లోతు ఉన్న మూల, ఎందుకంటే రాత్రి చలికి పైనీరు చల్లబడగానే చేపలు ఆ లోతులోకి దిగి, మధ్యాహ్నానికి తిరిగి పైకి వస్తాయి. ఈ కారణంగానే వసంతంలో తెల్లవారుజాము కన్నా మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం నాకు ఎక్కువ కలిసివచ్చింది. ఉత్తర అమెరికా మంచినీటి వేట చేప అయిన వాలై మాత్రం దీనికి మినహాయింపు. దాని కంటి లోపల, వెనుక భాగాన వెలుతురును తిరిగి పంపే పొర ఉండటం వల్ల అది మసక వెలుతురులోనూ, కలక నీటిలోనూ బాగా చూడగలదు, కాబట్టి పొద్దు వాలాకే చురుగ్గా మేత మేస్తుంది.

ఏ చేపకు ఏ వేడిలో గుడ్లు పెట్టే కాలం వస్తుందో తెలిస్తే ఎక్కడ చూడాలో సగం తెలిసినట్టే. పైక్ అందరికన్నా ముందు, మంచు కరిగీ కరగగానే, 4 నుంచి 10 డిగ్రీల మధ్య, నీరు ఎక్కిన గడ్డిలోకి వస్తుంది. వాలై సుమారు 6 నుంచి 10 డిగ్రీల మధ్య రాళ్లూ గులకా ఉన్న చోటుకు, చాలాసార్లు నదుల్లోకి ఎదురెక్కుతుంది. పసుపు పెర్చ్ ఆ వెనుకే వస్తుంది. స్మాల్‌మౌత్ బాస్ నీరు 15 డిగ్రీలు దాటేదాకా గుడ్లు పెట్టే గూళ్ల జోలికి పోదు, క్యాట్‌ఫిష్‌కు 21 డిగ్రీలైనా కావాలి. 8 డిగ్రీల నీటిలో బాస్ గూళ్లున్న చోట కాలం గడిపేకన్నా అదే రోజు వాలై కోసం రాళ్ల దగ్గరికి పోవడం మేలు.

ఎర విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. నీరు 8 డిగ్రీల లోపు ఉన్నంతకాలం చిన్న ఎర వాడండి, మీకు మరీ నెమ్మది అనిపించేంత నెమ్మదిగా లాగండి, మధ్యమధ్య పూర్తిగా ఆపండి. చేప ఎరను పట్టడం కూడా లాగినట్టు కాకుండా దారం కొంచెం బరువెక్కినట్టు మాత్రమే తెలుస్తుంది. నీరు 12 డిగ్రీలు దాటాక వేగం పెంచవచ్చు.

నది సంగతికి వస్తే, బురద నీరు వృథా అన్న మాటతో నేను ఏకీభవించను. చూడవలసింది నీరు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది. ఎండ కాసిన రోజున ఎగువన మంచు కరిగి సున్నాకు కొంచెం పైన ఉన్న నీరు నదిలోకి దిగుతుంది. బయట వెచ్చగా ఉన్నా నది ఆ రోజు చల్లబడవచ్చన్నమాట. నీరు పెరుగుతూ దుంగలు, కొమ్మలు కొట్టుకొస్తున్నంతసేపూ చేపలూ మేత మాని తలదాచుకుంటాయి, మనిషికీ అది ప్రమాదమే. మట్టం దిగడం మొదలై, ఒక అడుగు లోతున ఉన్న తెల్లటి వస్తువు కనబడే స్థితికి వస్తే నది చాలా మంచి చోటవుతుంది. అప్పుడు నడిమి ప్రవాహాన్ని వదిలేయండి. ఒడ్డుకు ఆనుకుని నీరు వెనక్కి తిరిగే సుడుల్లో, పెద్ద రాళ్ల వెనుక, వంపుల లోపలి పక్కన, తేటగా వచ్చి కలిసే చిన్న వాగుల నోళ్ల దగ్గర చేపలు ఒత్తుగా నిలబడతాయి, ఎందుకంటే చల్లటి నీటిలో ఉరవడికి ఎదురు నిలిచే బలం వాటికి ఉండదు. ఎర అడుగుకు దిగేంత సీసం కట్టి, ప్రవాహంతో పాటు మెల్లగా దొర్లనివ్వండి. కలక నీటిలో సన్నని తళుకు కన్నా ముదురు రంగు, కదిలితే నీటిని అదిలించే ఎర బాగా పని చేస్తాయి.

నది సరస్సులో కలిసే చోట బురద నీరు, తేట నీరు కలిసిన గీత కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. కొండల మంచు నీరు తగ్గాక నది సరస్సు కన్నా ముందుగా వెచ్చబడుతుంది కాబట్టి ఆ గీత వెంట వేడి తేడా కూడా ఉంటుంది. చిన్న చేపలు బురద పక్కన దాగుతాయి, పెద్దవి గీతను ఆనుకుని తిరుగుతాయి. మీకున్న రెండు అవకాశాల్లో, గాలి సద్దుమణిగేదాకా, నేనైతే ఈ నదీముఖాన్నే ఎంచుకుంటాను.

ఒక్క మాట ఎంతో ఆదుర్దాతో చెబుతున్నాను. వసంతంలో గాలి వెచ్చగా ఉండి మనిషిని మోసం చేస్తుంది, నీరు మాత్రం ప్రాణం తీసేంత చల్లగా ఉంటుంది. అంత చల్లటి నీటిలో పడిన మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పి గుటకలు పడతాయి, పది నిమిషాల్లో చేతివేళ్లు పట్టు కోల్పోతాయి, దాదాపు గంటకు స్పృహ పోతుంది. కెనడాలోని మనితోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ క్రమాన్ని ఒకటి, పది, ఒకటి అని గుర్తుపెట్టుకోమని చెప్పారు. బాగా ఈదగలిగినవారిని కూడా ఆ మొదటి నిమిషమే ముంచుతుంది, కాబట్టి పడవలో ఉన్నా, నదిలో నడుము లోతున నిలబడినా లైఫ్ జాకెట్ ఒంటి మీద కట్టి ఉండాలి; పక్కన పెట్టుకుంటే లేనట్టే. పెద్ద సరస్సుల్లో గట్టి గాలికి నీరంతా ఒక పక్కకు ఒరిగి, ఈరీలో జరిగేటట్టు, ఒక కొసన మట్టం మీటరుకు పైగా మారడం కూడా ఉంది.

చివరగా, నీరు 15 డిగ్రీలు దాటాక తేట నీటి అడుగున గుండ్రంగా ఊడ్చినట్టున్న గూళ్లు కనిపిస్తే వాటి మీద గాలం వేయకండి. అక్కడ కాపలా ఉండేది మగ బాస్. దాన్ని కాసేపు పైకి తీసి వదిలినా, ఆ కొద్ది నిమిషాల్లోనే గోబీ లాంటి చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. చాలా చోట్ల ఈ కాలంలో కొన్ని చేపలను పట్టడంపై నిషేధమో, పట్టి వదలాలన్న నియమమో ఉంటుంది, అది సరస్సుకూ నదికీ వేరుగా ఉండవచ్చు కూడా, కాబట్టి నదీముఖానికి బయలుదేరే ముందు అక్కడ ఏ నియమం వర్తిస్తుందో అధికారుల ప్రకటన చూసుకోండి.