లూబ్ అంటే ఆయిలా, గ్రీజా?

మీ బైక్ మాన్యువల్‌లో, మీ దగ్గరున్న డబ్బా మీద లూబ్ అనే మాట చూసి ఇలా అడిగారు. మీకు తిరకాసు వచ్చింది ఆ మాట వస్తువు పేరుగానూ, చేసే పనిగానూ రెండు రకాలుగా వాడడం వల్ల. లూబ్ అనేది లూబ్రికెంట్, లూబ్రికేట్ అనే పెద్ద మాటలకు తోక కోసేసిన వాడుక రూపం. మూలం లాటిన్‌లో లూబ్రికుస్, అంటే జారుడుగా ఉండేది. ఆయిలైనా గ్రీజైనా లూబే.

చాలామంది వదిలేసేది ఇదీ: వాక్యంలో అది వస్తువా, పనా అని చూడరు.

1. మీ బైక్ మాన్యువల్‌లో "క్లీన్ అండ్ లూబ్ ది చైన్" అని ఉందన్నారు కదా. క్లీన్ పక్కన ఉంది కాబట్టి ఇక్కడ అది పని. తుడిచి, కందెన వేయమని అర్థం.

2. కింది లైన్‌లో "యూజ్ చైన్ లూబ్" అన్నచోట అది వస్తువు. చైన్‌కి వేసే కందెన. మీ డబ్బా మీద కూడా "చైన్ లూబ్" అని రాసుందంటే అదే, వేరే గ్రీజు కొనక్కర్లేదు.

తెలుగులో కందెన అని రాసేయండి, ఎబ్బెట్టుగా ఉండదు. బండి ఇరుసుకి ఆముదంలో గడ్డి మసి కలిపి పూసేవాళ్లే, ఆ నల్లటి జిడ్డు పేరే అది. బట్టకి అంటితే ఇక వదలదు! 1909లో వచ్చిన క్యాస్ట్రాల్ ఆయిల్ పేరు కూడా ఆముదానికున్న ఇంగ్లీషు పేరు "క్యాస్టర్ ఆయిల్" నుంచి పుట్టిందే.

3. పలకడం లూబ్. "ల్యూబ్" అన్నా తప్పేం కాదు.