రాయగడ–గుణుపురం రోడ్డు గతుకుల్లో డాష్‌క్యామ్ ఆఫ్ అయి ఆన్ అవుతోంది: సమాధానం

కారులో రోడ్డును రికార్డు చేసే మీ కెమెరా (డాష్‌క్యామ్) గతుకు రాగానే ఆగి మళ్లీ మొదలవుతోందని అడిగారు కదా. కెమెరాను కాదు, ఎర్త్ వైరును, అంటే కెమెరా మైనస్‌ను కారు ఇనుప బాడీకి కలిపే వైరును అనుమానించండి. ఫ్యూజు మార్చానన్నారు గానీ ఎర్త్ ఎక్కడ బిగించారో రాయలేదు.

1. కారు ఆపి తాళంచెవి తీసేసి, కెమెరా ఫ్యూజు లాగేయండి.

2. ఎర్త్ బోల్టు విప్పి కింద చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. బోల్టు గట్టిగానే ఉంటుంది, వైరు చివరి రింగు మాత్రం పెయింటు మీద కూర్చుని ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది, గతుకు రాగానే కరెంటు తెగుతుంది. రింగు ఆనే చోట గరుకు కాగితంతో రుద్దండి, ఇనుము తళతళలాడాలి. మన వానలకు అక్కడ తుప్పు పట్టకుండా, బిగించాక పైన కాస్త గ్రీజు రాయండి. ఎయిర్‌బ్యాగ్ బోల్టుల జోలికి మాత్రం దయచేసి వెళ్లొద్దు.

3. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి బిగించిన ఆ రింగుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి. 1 ఓమ్ లోపే రావాలి. వైరు కదిపినా అంకె ఎగిరిపడకూడదు.

ఫ్యూజు కెమెరా వైరింగ్ కిట్‌తో వచ్చిన ఆంపియర్లదే వేయండి. పెద్దది వేస్తే ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది.

అప్పటికీ ఆగకపోతే కెమెరా వెనక యూఎస్‌బీ పిన్ను వదులుగా ఉందేమో కదిపి చూడండి.