పదిమందిలో పాము చావదు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీ మాటలు వింటుంటే నవ్వొచ్చింది, ఏమనుకోకు. నీటి సంఘానికి అధ్యక్షుడివై ఆర్నెల్లు కాలేదు, అప్పుడే "మామా, ఈ ఊళ్లో అందరూ స్వార్థపరులే" అనేశావు. పిల్లకాలవలో జమ్ము, తూటికాడ తీయడానికి ఆదివారం రమ్మని వాట్సాప్ గ్రూపులో పెడితే ఎనభై మందిలో తొమ్మిదిమంది వచ్చారట. తొమ్మిదిమందా! నేను ఆ కుర్చీలో ఉన్న మొదటి ఏడాది వచ్చింది నలుగురు. అందులో ఒకరు మీ నాన్న, అదీ మా అక్క ఇంట్లోంచి తరిమితే.

ముందు ఆ వాట్సాప్ సంగతి చెబుతా. అందరికీ చెప్పిన పని ఎవరికీ చెప్పనట్టే. పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అన్నారా? కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే రోజుల్లో పిల్లలకు ఒక ప్రయోగం గురించి చెప్పేవాణ్ణి. 1968లో డార్లీ, లాతానే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించింది. విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడించారు. మధ్యలో ఒకడికి మూర్ఛ వచ్చినట్టు గొంతు తడబడుతుంది. నిజానికి అది ముందే రికార్డు చేసిన టేపు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే లేచి వెళ్లి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్లలో 31 శాతమే కదిలారు. కదలనివాళ్ల గదిలోకి తర్వాత వెళ్లి చూస్తే చేతులు వణుకుతున్నాయట, అరచేతులు చెమటలు పట్టాయట. వాళ్లది రాతిగుండె అంటావా?

కాబట్టి ఇంటికెళ్లి, పేరు పెట్టి పిలువు. "రెండో తూము కాడి నుంచి వేపచెట్టు దాకా నీ వంతు" అని తాడు పట్టి కొలిచి మరీ చెప్పు. వంతు తెలిసినవాడికి తప్పించుకోవడం కష్టం, పక్కవాడి వంతు శుభ్రంగా కనబడుతుంటే మరీ కష్టం.

మన రైతు చాకిరీకి జంకడు. తానొక్కడే వెర్రివాడు అవుతాడేమోనని జంకుతాడు. "వాడు రానప్పుడు నేనెందుకు పోవాల?" ఈ మాట నువ్వు ఇప్పటికే యాభైసార్లు విని ఉంటావు. 2001లో ఫిష్‌బాకర్, గెక్టర్, ఫేర్ అనే ముగ్గురు స్విట్జర్లాండులో ఇదే పరీక్షించారు. ఉమ్మడి డబ్బాలో డబ్బు వేసే ఆట ఆడిస్తే, సగం మంది ఎదుటివాళ్లు ఎంత వేస్తే దాన్నిబట్టి తామూ వేశారు. సుమారు 30 శాతం మంది మాత్రం ఎవరెంత వేసినా పైసా వేయలేదు. మన కాలవ గట్టు మీద లెక్క కూడా ఇంచుమించు అంతే. నువ్వు ఆ మూడో వంతు మీద కోపంతో మిగతావాళ్లను తిడుతున్నావు. తిట్టకు. ఊళ్లో నలుగురూ మాట వినే ఆసామి ఒకరిని ఒప్పించి, పొద్దున ఏడింటికల్లా పార పట్టించి కాలవలో దించు. రోడ్డున పోయే ప్రతివాడికీ ఆయన కనబడాలి.

ఇక జరిమానా పెడతానన్నావే, అక్కడ నేను దెబ్బతిన్నాను. నా రెండో ఏడాది, పనికి రానివాడు మూడొందలు కట్టాలని తీర్మానం చేయించా. భలే పని చేశాననుకున్నా. పెద్ద రైతులు ఇద్దరు ముందురోజు సాయంత్రమే ఆరొందలు నా చేతిలో పెట్టి, "సార్, రేపు మాకు కుదరదు" అని నవ్వుతూ పోయారు. అప్పటిదాకా రాకపోతే వాళ్లకు మొహం చెల్లేది కాదు. ఆ సిగ్గుకు నేనే ఒక రేటు కట్టి అమ్మేశాను. ఇలాంటిదే ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగిందని తర్వాత చదివాను. గ్నీజీ, రుస్టికినీ అనే ఆర్థికవేత్తలు 2000లో రాశారు. పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు శిశు సంరక్షణ కేంద్రాల్లో పది షెకెళ్ల జరిమానా పెడితే, ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా ఎత్తేశాక కూడా పాత పద్ధతికి రాలేదు. నాకూ అంతే, తీర్మానం రద్దు చేసినా ఆ ఇద్దరినీ మళ్లీ కాలవలో దింపడానికి మూడేళ్లు పట్టింది.

అలాగని ఎగ్గొట్టేవాణ్ణి వదిలేయమనడం లేదు. వదిలేస్తే వచ్చే ఏడాది తొమ్మిదిమందీ రారు. మొదటిసారి, పొలాలకు నీళ్లు వదిలే నీరుగంటిని పంపి ఊరికే అడిగించు. రెండోసారి ఆ తడిలో వాడి నీళ్ల వంతు చివరికి జరుపు. ఇది నా సొంత తెలివేం కాదు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రామ్ ఎన్నో దేశాల ఉమ్మడి ఆస్తులను పరిశీలించి, ఎక్కువకాలం నిలబడ్డ చోట్ల శిక్ష చిన్నగా మొదలై మెల్లగా పెరుగుతుందని గుర్తించింది. కట్టుబాటు కూడా వాడుకునేవాళ్లు కూర్చుని పెట్టుకున్నదై ఉండాలి. నువ్వు ఇంట్లో రాసుకుని పోయి చదివితే ఎవడూ వినడు.

ఇంకొకటి. మనది కాలవ చివరి ఆయకట్టని, నీళ్లు సరిగా అందవని ఏడుస్తావు కదా, అదే నీకు బలం. రాబర్ట్ వేడ్ అనే ఆయన మన కర్నూలు జిల్లా పల్లెల్లోనే తిరిగి 1988లో పుస్తకం వేశాడు. కాలవ ఎగువన నీళ్లకు కొదవలేని ఊళ్లలో ఉమ్మడి ఏర్పాట్లు పెద్దగా కనబడలేదు. దిగువన, నీళ్లు వస్తాయో రావో తెలియని ఊళ్లలోనే జనం కూడబలుక్కుని నీళ్లు పారించేవాళ్లను, పొలం కాపలాదారులను పెట్టుకున్నారు. మంచితనం ఎగువన తక్కువ, దిగువన ఎక్కువ అయి కాదు కదా! కలవకపోతే మునిగేది దిగువ ఊరు. అందుకే మీటింగులో "సేవ, త్యాగం" అని ఉపన్యాసాలు ఇవ్వకు. కిందటేడు పూడిక వల్ల ఎన్ని ఎకరాల కంకి పాలు పోసుకునే వేళకు ఎండిందో ఆ లెక్క చెప్పు.

స్విట్జర్లాండులో ఆట అయిపోగానే ఎవరిదారి వాళ్లది. ఇక్కడ ఎగ్గొట్టినవాడి కూతురి పెళ్లికి నువ్వు వెళ్లాలి, నీ ఇంట్లో పీనుగ లేస్తే వాడు పాడె మోయాలి. ఆ మాట గుర్తుంచుకుని మందలించు.

వచ్చే ఆదివారం లోపల ఎగువ తూము పక్కన పొలమున్న ఆ పెద్దాయన దగ్గరికి పో. పోయినంతనే కాలవ మాట ఎత్తకు, ఆయన ఎనుముల గురించి అడుగు. కాఫీ తాగాక అడుగుదువుగానీ. నా పార మీ అటక మీదే ఉండాలి, కామ వదులైంది, గూటం కొట్టి పట్టుకుపో. నేను శనివారం రాత్రి బస్సుకు వస్తున్నా.

మీ మామ